అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో నవంబరులోనే మంచు పడుతుందట, కొత్తగా వచ్చినవాళ్లు ఎలా తట్టుకోవాలి?

తట్టుకోవడం సంగతి తర్వాత, ముందు ఒక మాట. ఏడాదిలో ఆస్వాదించదగ్గ మంచు ఈ మొదటిదే. ఫిబ్రవరికి వచ్చేసరికి దాని మొహం చూడాలనిపించదు.

నేను ఒంగోలు నుంచి 2022 ఆగస్టులో చదువుకి ఇక్కడికి వచ్చాను. అప్పటిదాకా నాకు మంచు అంటే సంక్రాంతి ముందు తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా కమ్ముకునేదే. ఆ నవంబరు మూడో వారంలో దగ్గర్లోని ఆర్చర్డ్ పార్క్‌లో సుమారు 80 అంగుళాలు పడింది, అంటే ఆరున్నర అడుగుల పైనే! ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు బిల్స్ మ్యాచ్‌ని వేరే ఊరు డెట్రాయిట్‌కి మార్చేశారు. అమ్మ ఫోన్‌లో ఏడుపు ఒక్కటే తక్కువ. తీరా చూస్తే, యూనివర్సిటీ ఉన్న ఆమ్హర్స్ట్ వైపు మాకు పడింది అందులో చిన్న వాటా.

ఇదంతా ఊరి పక్కనే ఉన్న ఈరీ సరస్సు పని. నవంబరుకి ఆ నీళ్లలో వేసవి వేడి ఇంకా మిగిలే ఉంటుంది. పైనుంచి చల్లగాలి వీస్తే ఆవిరిని లాక్కొచ్చి ఒడ్డున మంచుగా కుమ్మరిస్తుంది. అదీ సన్నటి పట్టీలా. ఒక పేటలో నడుంలోతు ఉంటే, ఇంకో పేటలో ఎండ కాస్తుంటుంది. అందుకని వార్తల్లో బఫెలో పేరు వినగానే కంగారుపడకండి, మీ జిప్ కోడ్‌కి (మన పిన్ కోడ్ లాంటిది) హెచ్చరిక ఉందో లేదో చూడండి. ప్రయాణాలు నిషేధించారంటే మాత్రం కారు తీయొద్దు.

ఈ తొలి మంచు సాధారణంగా తడిగా, బరువుగా ఉంటుంది. అది తెలియక నేను మట్టి ఎత్తినట్టు పార నిండా ఎత్తి పక్కకి విసిరాను. మూడు రోజులు నడుం పట్టేసి మంచం దిగలేదు. పక్కింటి పెద్దాయన చూసి నవ్వి, ఎత్తకు, ముందుకి నెట్టు అని చూపించారు. ఆగకుండా పడుతుంటే రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తీసేయండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ పని జోలికే పోవద్దు.

చెట్ల కింద కారు పెట్టొద్దు. 2006 అక్టోబరులో ఇంకా ఆకులు రాలకముందే ఇక్కడ రెండడుగుల దాకా మంచు పడితే, ఆ బరువుకి కొమ్మలు విరిగి తీగల మీద పడి లక్షల మందికి రోజుల తరబడి కరెంటు పోయింది. ఫోన్లు, పవర్ బ్యాంకులు ముందే ఛార్జ్ చేసి పెట్టుకోండి. కారు స్టార్ట్ చేసే ముందు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది. అద్దం మీద వేడినీళ్లు పోశారో, పగిలిందే. అసలు ప్రమాదం మర్నాటి రాత్రి: పగలు కరిగిన నీళ్లు గడ్డకట్టి, కంటికి కనపడని గాజుపలకలా ఉంటాయి. జేబుల్లో చేతులు పెట్టుకోకుండా, చిన్న చిన్న అడుగులతో నడవండి.

ఇక సరదా. పొద్దున్నే, రోడ్డు మీద మంచు తోసే ప్లో బండి రాకముందే వీధిలోకి వెళ్లండి. కొత్త మంచు చప్పుడంతా పీల్చేసుకుంటుంది, మీ అడుగుల కరకర తప్ప ఏమీ వినపడదు. తడి మంచు కాబట్టి బాగా అతుక్కుంటుంది కూడా. జనవరి చలిలో పడేది పొడి, ఉండ కూడా కట్టదు. మా రూమ్మేట్లు స్నోమ్యాన్ అని మొదలుపెట్టి చివరికి వినాయకుణ్ణి చేశారు. తొండం మూడుసార్లు ఊడింది. లోపలికొచ్చి వేడన్నంలో పప్పుచారు పోసుకుని, అప్పడాలు నంజుకుంటూ కిటికీలోంచి ఆయన్నే చూస్తూ కూర్చున్నాం.

మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు గానీ బూట్లు మాత్రం ఈ వారమే కొనండి, మందపాటి సాక్సులు పట్టేంత వదులుగా. మంచు పడ్డ రోజు వెళ్తే కొట్లో మీ సైజు దొరకదు.