చిన్న బోరు తుపాకీ గురించి టెక్సాస్ వెళ్లే తమ్ముళ్లకు

దసరాకు హనుమకొండ వస్తే చాలు, వీసా చేతికొచ్చిన పిల్లలు మా ఇంటికి వస్తారు. బియ్యం దొరుకుతాయా, క్రెడిట్ కార్డు ఎప్పుడిస్తారు, ఎక్కువగా ఇవే సందేహాలు. ఈసారి కాజీపేట తమ్ముడొకడు వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, మా రూమ్మేట్లు షూటింగ్ రేంజ్‌కు పోతరట. చిన్న బోరుదైతే ఏం కాదంట కదా?"

అవుతుంది తమ్ముడూ. ముందు నీ వీసా సంగతి చూడు. 1968 నాటి అమెరికా ఆయుధాల చట్టంలో నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా, అంటే కొన్నాళ్ల కోసం ఇచ్చే వీసా, మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం నేరమని ఉంది. చదువుకు ఇచ్చే ఎఫ్-1, ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. కొనడం ఒక్కటే తప్పనుకోకు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని చేత పట్టుకున్నా చిక్కే. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు, వీసా సంగతి ఇక చెప్పనక్కర్లేదు. దీనికి ముఖ్యమైన మినహాయింపు, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు నీ దగ్గర ఉండటం. టెక్సాస్‌లో వేటాడాలంటే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 నిండితే ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. అక్కడ ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది, తారీఖు చూసుకో. రూమ్మేట్ పేరు మీద నీకోసం కొనిపించే ఆలోచన కలలో కూడా రానీయకు.

ఇక బోరు సంగతి, అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు. మన దగ్గర తుపాకీ అంటే 12 బోరే. మక్కజొన్న చేలో మంచె మీద మా తాత డబ్బా కొట్టి పందుల్ని తరిమేవాడు. ఊళ్లో ఒకాయనకు లైసెన్సు డబుల్ బ్యారల్ ఉండేది, అదీ 12 బోరే. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు తూగుతాయి, అందుకే ఆ పేరు. అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. 12కు 18.5 మిల్లీమీటర్లు, 20కి 15.6, 28కి 14. నాలుగోది .410. ఇది గుండ్ల లెక్క కాదు, అంగుళాల్లో గొట్టం వెడల్పు, అంటే 10.4 మిల్లీమీటర్లు.

సన్నగా, తేలిగ్గా ఉంది కదా అని కొత్తవాళ్లకు .410 ఇస్తారు. నేనది ఒప్పుకోను. తూటాలో నింపే చిన్న గుండ్లు, అంటే పెల్లెట్లు, ఎనిమిదో నంబరు సైజువి తీసుకుని లెక్క వేద్దాం. 12 బోరు తూటాలో మామూలుగా 460 దాకా ఉంటాయి, 20లో 360 దాకా. చిన్న .410 తూటాలో 200 మాత్రమే. పాతిక గజాలు దాటితే వాటి మధ్య ఖాళీలోంచి పిట్ట దెబ్బ తగిలీ తగలనట్టు ఎగిరిపోయి ఎక్కడో పొదలో పడి చస్తుంది. అది నాకు పాపంగా అనిపిస్తుంది. .410 చేయి తిరిగినవాడి తుపాకీ. నేర్చుకునేవాడికి 20 బోరే మేలు. భుజానికి దెబ్బ తక్కువ, గువ్వల వేటకు సరిగ్గా సరిపోతుంది. 28 బోరు కౌజు పిట్టలకు ముచ్చటైనది గానీ తూటాలు ఖరీదు.

గువ్వల సీజన్ టెక్సాస్ ఉత్తర జోన్‌లో సెప్టెంబర్ 1న మొదలవుతుంది, రోజుకు 15 పిట్టలు దాటకూడదు. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ ఉండాలి. పొలం యజమాని అనుమతి తప్పనిసరి.

ఇప్పుడు చెప్పేది మాత్రం చెవిన పెట్టు. 20 బోరు తూటా పసుపు రంగులో ఉంటుంది. అందానికి కాదు. పొరపాటున అది 12 బోరు గొట్టంలోకి జారితే కింద పడిపోదు, కొంచెం ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీగా ఉందనుకుని వెనక 12 బోరు తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలిపోతుంది, చేతివేళ్లు పోతాయి. అందుకే రెండు బోర్ల తూటాలు ఒకే జేబులో వేయొద్దు. స్నేహితుడు చొక్కా అరువిస్తే ముందు జేబులన్నీ దులుపు.

ఆ జేబులే నన్ను ఓసారి వణికించాయి. ఇండియాకు బ్యాగు సర్దుతుంటే వేట కోటు మంచం మీద పరిచాను. అడుగు జేబులో, కుట్టు పక్కన, గడ్డి పరకలతో పాటు పసుపు తూటా ఒకటి. కాల్చనిది. శంషాబాద్‌లో అది స్కానర్‌లో కనబడి ఉంటే 1959 ఆయుధ చట్టం కింద కేసు, అమ్మ హనుమకొండలో ఎదురుచూస్తూ ఉండేది. అప్పటినుంచి వేటకు వాడిన బ్యాగు విమానం ఎక్కదు. ఆ కోటు గ్యారేజీలో మేకుకే ఉంటుంది, జేబులు బయటికి తిప్పి.