గృహలక్ష్మి ఆగింది, కిస్తు ఆగలేదు

ప్రశ్న: హిందూపురం నుంచి వచ్చి పద్నాలుగేళ్ళుగా బెంగళూరు లగ్గెరెలో ఉంటున్నాం. మా ఆయన పీణ్యలో ఒక మెషిన్ షాపులో పని చేస్తారు, చేతికి 17,600 వస్తుంది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, సరాసరి 4,500. కర్ణాటక ప్రభుత్వం ఇంటి యజమానురాలి ఖాతాలో నెలనెలా వేసే గృహలక్ష్మి 2,000 ఉందన్న ధైర్యంతో తొమ్మిది నెలల కింద సంఘంలో 45,000 లోన్ తీసుకున్నాను. కిస్తు 2,380, మొత్తం 24 కిస్తులు. వాషింగ్ మెషీన్‌కు, పిల్లలిద్దరి స్కూలు ఫీజుకు ఖర్చయింది. మధ్యలో మూడు నెలలు గృహలక్ష్మి పడలేదు. అప్పుడే చిన్నోడికి జ్వరమొచ్చి, ఉన్నది క్లినిక్‌కు, టెస్టులకు పోయింది. కిస్తులు బాకీ పడితే సంఘంలో మిగతా ఆడవాళ్ళు ఊరుకోలేదు. ఫోన్ యాప్‌లో 10,000 లోన్ పెట్టాను, చేతికి 7,200 వచ్చింది, 14 రోజుల్లో 10,000 కట్టాలి. ఇంకా ఎనిమిది రోజులుంది. ఇప్పుడు మూడు నెలలదీ కలిపి 6,000 పడింది. మొత్తం యాప్‌కు కట్టేయనా? రెండు తులాల గొలుసు పెట్టి లక్ష తెచ్చి అన్నీ తీర్చేసి, మిగిలిందాంతో చీటీ కట్టమని మా మరిది అంటున్నాడు.

జవాబు: ఆ 6,000 మొత్తం యాప్‌కు కట్టొద్దు. గొలుసు పెట్టి లక్ష తేవద్దు. ఎందుకో చెబుతాను. మీలాంటి లెక్కే వేసుకున్న ఇళ్ళు బెంగళూరులో చాలా ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన ఖర్చులు ఇవి: అద్దె 7,500, సరుకులు పాలు కూరగాయలు 7,500, స్కూలు, వ్యాను 2,500, గ్యాస్ 900, ఫోన్లు 600, పెట్రోలు 1,300, అత్తగారికి పంపేది 1,000. మొత్తం 21,300. ఇద్దరి సంపాదన 22,100. మిగిలేది 800. కిస్తు 2,380. అంటే లోన్ మీద సంతకం పెట్టిన రోజే నెలకు 1,580 తక్కువ పడుతోంది. ఆ తక్కువను గృహలక్ష్మి కప్పింది. అది ఆగగానే బయటపడింది. జ్వరం రాకపోయినా ఇది జరిగేదే, ఒక నెల ఆలస్యంగా.

ప్రభుత్వ సాయం రెండు రకాలుగా ఇంటికి వస్తుంది. మొదటిది ఖర్చు తగ్గించేది: ఆడవాళ్ళకు ఉచితమైన శక్తి బస్సు, గృహజ్యోతి ఉచిత కరెంటు. రెండోది ఖాతాలో పడే నగదు. మొదటి రకాన్ని నెల లెక్కలో వేసుకోవచ్చు, ఎందుకంటే వాడిన రోజే అందుతుంది. మీరు లైనింగ్ గుడ్డకు చిక్‌పేట వెళ్ళొస్తే టికెట్ డబ్బు అక్కడికక్కడే మిగిలింది. నగదు అలా కాదు. నెలకు 2,000 అని చెప్పినా ఫలానా తేదీన పడుతుందని ఎవరూ మాటివ్వలేదు. నెలల తరబడి ఆగి తర్వాత కలిపి పడటం మీ ఒక్కరికే జరగలేదు. కిస్తుకు మాత్రం తేదీ ఉంది. తేదీ లేని డబ్బుకు తేదీ ఉన్న అప్పును ముడిపెట్టడం, ఇదీ జరిగిన పొరపాటు.

కాబట్టి గృహలక్ష్మి డబ్బు పడగానే వెళ్ళాల్సిన చోటు ఒక్కటే, అత్యవసర నిధి. దేనికి వాడినా ముందు అందులో పడి, అక్కడి నుంచే బయటికి రావాలి.

ఇప్పుడు మీ 6,000 సంగతి. మొత్తం యాప్‌కు కడితే ఇంకా 4,000 బాకీ, ఇంట్లో సున్నా. వచ్చే నెల గృహలక్ష్మి మళ్ళీ ఆలస్యమైతే కిస్తుకు ఏం చేస్తారు? అదే యాప్, లేదా దాని పక్కనున్న యాప్. రెండోసారి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఇలా మొదటి బాకీకి చేతిలో ఉన్నదంతా ఊడ్చి కట్టినవాళ్ళే. అందుకని 5,000 నిధికి పక్కన పెట్టండి. గృహలక్ష్మి మళ్ళీ మూడు నెలలు ఆగినా నెలకు 1,580 చొప్పున పడే తక్కువ 4,740. దాన్ని చాలావరకు కాసేది ఈ 5,000.

మిగిలిన 1,000 యాప్‌కు. తక్కువపడే 9,000కు ప్రభుత్వరంగ బ్యాంకులో బంగారం లోన్ తీసుకోండి. గొలుసు కాదు, కమ్మలు గానీ ఉంగరం గానీ, 9,000 వచ్చేంత చిన్న వస్తువు. బంగారం మీద అప్పు చేయమని మామూలుగా నేను చెప్పను. కానీ ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. యాప్ మీకిచ్చింది 7,200, అడిగేది 10,000. పద్నాలుగు రోజులకు 2,800, అంటే రోజుకు 200 రూపాయలు. బంగారం లోన్‌కు ఏడాదికి 10 శాతం అనుకున్నా 9,000కు నెలకు 75 రూపాయలు. యాప్‌ది అప్పు కూడా కాదమ్మా, జేబుకు పడిన చిల్లు. ఎనిమిదో రోజు దాకా ఆగకుండా ఈ వారమే మూసేయండి. ‘ఎక్స్‌టెన్షన్ చార్జీ కట్టండి, ఇంకో పద్నాలుగు రోజులిస్తాం’ అని మెసేజ్ వస్తుంది. అది కడితే అసలులో ఒక్క రూపాయి తగ్గదు.

కట్టేటప్పుడు జాగ్రత్తలున్నాయి. ఆ యాప్ పేరు రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోని డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో ఉందా చూడండి. 2025 జులై నుంచి ఆ జాబితా అందరికీ కనిపిస్తోంది. ఉంటే, లోన్ ఇచ్చిన సంస్థ పేరు, ఖాతా ఒప్పంద పత్రంలో ఉంటాయి. ఆ ఖాతాకే కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకోండి. ఏజెంటు ఫోన్‌లో చెప్పిన యూపీఐ ఐడీకి పంపిన డబ్బు మీ లోన్‌లో జమ కాకపోవచ్చు. జాబితాలో లేకపోయినా, ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరించినా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచుకున్నాకే యాప్ తీసేయండి, ముందు తీసేస్తే ఆధారం పోతుంది. తీసేముందు కాంటాక్టులు, గ్యాలరీ అనుమతులు ఆపేయండి.

నిధి ఎక్కడ పెట్టాలన్నది ఎంత పెట్టాలన్నంత ముఖ్యం. గృహలక్ష్మి పడే ఖాతాలోనే ఉంచితే నెలాఖరుకు కరిగిపోతుంది. ఆ ఖాతాకు ఫోన్‌పే తగిలించి ఉంటుంది, కిస్తు ఆటో డెబిట్ కూడా దానికే ఇచ్చి ఉంటారు. పోస్టాఫీసులో సేవింగ్స్ ఖాతా తెరవండి. కనీస నిల్వ 500, వడ్డీ 4 శాతం. ఏటీఎం కార్డు అడగొద్దు, ఏ యాప్‌కూ జత చేయొద్దు. డబ్బు తీయాలంటే మీరే వెళ్ళి ఫారం రాయాలి, ఆ కాస్త ఇబ్బందే ఈ డబ్బుకు తాళం. గృహలక్ష్మి పడిన మెసేజ్ వచ్చిన రోజునో మర్నాడో 2,000 తీసి ఇందులో వేయండి. కిస్తుకు ముందురోజు 1,580 మాత్రమే తీయండి. సమయానికి పడ్డ ప్రతి నెలా 420 మిగులుతుంది. చిన్న మొత్తమే, కానీ తొమ్మిది నెలలుగా మీ ఇంట్లో అదీ లేదు.

మొదటి మెట్టు ఈ 5,000. రెండో మెట్టు 20,000, అద్దె, సరుకులు, స్కూలు, కిస్తు కలిపి ఒక నెలకు దగ్గర దగ్గర అంతే అవుతుంది. శ్రావణంలో వరమహాలక్ష్మికి, దసరాకు, పెళ్ళిళ్ళ సీజన్లో వచ్చే అదనపు కుట్టు డబ్బుతో ముందు ఆ బంగారాన్ని విడిపించుకోండి, తర్వాత నిధిలో వేయండి. జీతం ఆగితే, ఆసుపత్రి పడితే, కుట్టుమిషన్ మోటారు కాలితే తీయొచ్చు. మోటారు కాలిన రోజు మీ సంపాదన ఆగుతుంది కదా, అందుకే దాన్నీ కలిపాను. ఉగాది బట్టలు, మేనకోడలి పెళ్ళి చదివింపు, జూన్ ఫీజు అత్యవసరాలు కావు. అవి వస్తాయని ముందే తెలుసు, వాటికి విడిగా దాచాలి.

ఇక గృహలక్ష్మి మళ్ళీ ఆగితే అది అందరికీ ఆగిందా, మీకొక్కరికే ఆగిందా అన్నది ముందు తేల్చుకోండి. వీధిలో మరో ఇద్దరిని అడిగితే తెలిసిపోతుంది. అందరికీ ఆగితే నిధి వాడుకుంటూ ఎదురు చూడటమే. మీకొక్కరికే అయితే కారణాలు కొన్నే ఉంటాయి. ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ఖాతా లింక్ చేశారో డబ్బు అందులోకి పోతుంది, లోన్ కోసం ఎక్కడో కొత్త ఖాతా తెరిచి ఆధార్ ఇస్తే ఇది మారిపోతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో కనిపిస్తుంది. డీబీటీ కర్ణాటక యాప్‌లో ఏ నెలది ఏ ఖాతాకు వెళ్ళిందో ఉంటుంది. రేషన్ కార్డులో ఇంటి యజమానురాలిగా మీ పేరే ఉందా, ఈకేవైసీ అయ్యిందా చూసుకోండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే కార్డు, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు తీసుకుని మీ ప్రాంతపు సీడీపీఓ (శిశు అభివృద్ధి పథకాల అధికారి) కార్యాలయానికి వెళ్ళండి. ఈ పథకాన్ని నడిపేది మహిళా శిశు అభివృద్ధి శాఖే.

ఒక హెచ్చరిక. ‘కుట్టు పనికి జీఎస్టీ నంబరు తీసుకోండి, పెద్ద లోన్ ఇప్పిస్తాం’ అని తిరిగే ఏజెంట్లున్నారు. భార్యాభర్తల్లో ఎవరు ఆదాయపు పన్ను కట్టినా, జీఎస్టీ రిటర్నులు వేసినా గృహలక్ష్మికి అర్హత పోతుంది. లోన్ కమీషన్ వాళ్ళకు, ఆగిన 2,000 మీకు.

గృహజ్యోతి సంగతీ చూసుకోండి, కొత్త వాషింగ్ మెషీన్ వచ్చింది కాబట్టి. 200 యూనిట్లూ అందరికీ ఉచితం కాదు. 2022-23లో ఆ మీటరు నెలసరి సగటుకు 10 శాతం కలిపి ఉచిత యూనిట్లు నిర్ణయించారు. అది దాటితే దాటినంతకు కట్టాలి, 200 దాటితే మొత్తం బిల్లు మీదే. బెస్కాం బిల్లులో మీ అర్హత ఎన్ని యూనిట్లో చూసి, వేడినీళ్ళ వాష్ మానేయండి, మెషీన్‌లో కరెంటు తినేది హీటరే. ఇల్లు మారితే పాత మీటరు నుంచి ఆధార్ తీయించి కొత్తదానికి చేర్పించాలి, లేకపోతే ఆ నెల బిల్లు చేతికొస్తుంది.

చిన్నోడి జ్వరానికి ప్రైవేటు క్లినిక్‌కు ఎందుకు వెళ్ళారు? మీ ఆయన గ్రాస్ జీతం 21,000 లోపే కాబట్టి, ఆ షాపులో పదిమందో అంతకంటే ఎక్కువో పనిచేస్తుంటే ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) వర్తించాలి. జీతం చీటీలో 0.75 శాతం కోత ఉందా చూడండి. ఉంటే భార్యకు, పిల్లలకు వైద్యం ఉచితం, మీకు పీణ్యలోనూ రాజాజీనగర్‌లోనూ ఈఎస్ఐ ఆసుపత్రులున్నాయి. ఆయన మంచాన పడితే 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పిల్లల పేర్లు ఈఎస్ఐలో చేర్చారో లేదో ఈ వారమే అడగండి. పదిమంది ఉండి కూడా కోత లేకపోతే యజమానిని అడగాల్సిందే, అది దయ కాదు, చట్టం. దీనికి తోడు ఆయన ఖాతా నుంచి ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా పెట్టించండి. మే చివర్లో కోత పడే సమయానికి ఖాతా ఖాళీగా ఉంటే రెండూ పోతాయి.

అత్తగారికి అరవై దాటాయా? ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000, ఒకటో తేదీనే ఇంటికి తెచ్చిస్తారు. రాకపోతే సచివాలయంలో అడిగించండి. వస్తుంటే మీరు పంపే 1,000 గురించి ఇంట్లో మాట్లాడుకోవచ్చు.

మీ మరిది మాటలో సగం నిజం ఉంది. సంఘం వడ్డీ కంటే బంగారం లోన్ వడ్డీ చాలా తక్కువ. సంఘంలో ఇంకా 15 కిస్తులు, నేను అంచనా వేసిన 24 శాతం వడ్డీ మీద అసలు 30,600 దాకా ఉంటుంది. కానీ ఆయన చెప్పింది 40,000 బాకీకి లక్ష తెమ్మని. మిగతా 60,000కు వడ్డీ కడుతూ చీటీ పాడుకోవడం ఏ లెక్క? బంగారం లోన్‌కు నెలనెలా అడిగేవాళ్ళుండరు, ఏడాది తిరిగేసరికి అసలు అలాగే ఉంటుంది, కట్టలేకపోతే గొలుసు వేలానికి పోతుంది. మీ ఇంట్లో నిజమైన ఆపదకు ఉన్న ఆఖరి ఆసరా అదొక్కటే. చీటీలు, నగల స్కీములు నిధి 20,000 దాటాక చూద్దాం.

సంఘం లోన్‌ను మామూలుగానే నడపండి. ఒక నెల నిజంగా కట్టలేకపోతే కిస్తు తేదీకి ముందే, సంఘానికి లోన్ ఇచ్చిన మైక్రోఫైనాన్స్ సంస్థ ఫీల్డ్ ఆఫీసరుకు చెప్పండి. ఆలస్య రుసుం బాకీ పడిన మొత్తం మీదే వేయాలి, మొత్తం లోన్ మీద వేయకూడదు. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు నియమాలు. ఇంటి ముందు కూర్చుని గొడవ చేస్తే పోలీసుల దగ్గరికి వెళ్ళండి. ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు కాబట్టి నిధి 20,000కు చేరాక, పైన వచ్చేది ఇందులో కట్టుకోవచ్చు.

కొన్ని నెలల్లో అదే ఫీల్డ్ ఆఫీసరు ‘మీరు బాగా కడుతున్నారు, ఇంకో 30,000 టాప్-అప్ ఇస్తాం’ అంటారు. పాత బాకీ అందులోనే పట్టుకుని, మళ్ళీ 24 కిస్తులు మొదటి నుంచి మొదలుపెడతారు. సెంటర్ మీటింగ్‌లో అందరిముందు అడిగినా వద్దనే చెప్పండి, ఆధార్ కాపీ కూడా ఇవ్వకండి.