నిలుపుదల అని రాయబాక

కావలి,
ఆదివారం

చిన్నీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. "ఊరందరి తరఫునా అర్జీ రాసి రేపు వారం కలెక్టరాఫీసుకు పోతాదంట, మీరన్నా చెప్పండి బావా" అనింది. నిన్ను ఆపమనిందో, ఎట్టా రాయాల్నో చెప్పమనిందో అర్థం కాలా. నేను రెండోదే అనుకున్నా. మన బడిలో మూడు, నాలుగు, అయిదు తరగతులు ఎత్తేసి హైవే అవతల హైస్కూల్లో కలిపితే, అడగడానికి మనింటి పిల్ల లేచిందంటే నాకు గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలా.

అర్జీకి కావలసినవి నీకు తెలిసినవే. ఉత్తర్వు నకలు జత చెయ్యి, నంబరూ తేదీ పై వరుసలోనే రాయి, రశీదు చేతికి రాకుండా కదలబాక.

నా భయమంతా ఒక్క మాట మీద. రొయ్యల గుంటల సంగతి నువ్వు పుట్టకముందుది, మీ నాయన పూర్తిగా చెప్పుండడు. 90ల మొదట్లో, సముద్రం పక్కన జానెడు నేల కనబడితే రొయ్యల చెరువు తవ్వే రోజులు. మన పశువుల బీడును గుంటలకిస్తూ ఒక ఆఫీసు నుంచి ఉత్తర్వొచ్చింది. నేనప్పుడు జూనియర్ అసిస్టెంటును. ఊళ్లో ఆఫీసు భాష తెలిసినోడు ఇంకెవరున్నారు? మీ తాత పిలిపించినాడు. లాంతరు ముందర కూర్చోని రాసినా. రాసేది ఊరికోసమే అయినా, మనసులో మాత్రం ఆఫీసరు మొహమే. "రద్దు చేయాలి" అంటే పొగరనుకుంటాడేమోనని "దయతో నిలుపుదల చేయవలసినదిగా ప్రార్థన" అని రాసినా. చదివి వినిపిస్తే అందరూ బాగుందన్నారు. నాకూ బాగుందనే అనిపించింది, అదే నా ఖర్మ.

అడిగిందే ఇచ్చినారు. "తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు నిలుపుదల చేయడమైనది." మీ తాత బెల్లం పంచినాడు. నన్ను రచ్చబండ మీద కూర్చోబెట్టి కండువా కప్పినారు. ఆ కండువా ఇంకా బీరువాలో ఉంది, మీ పెద్దమ్మ పారెయ్యనీదు.

ఏడాదిన్నరకు ఒంటి వరుస కాగితం. "నిలుపుదల ఎత్తివేయడమైనది." మళ్లీ విచారణ లేదు, మమ్మల్ని అడిగింది లేదు. పాత ఉత్తర్వు చచ్చుంటే గదా! నిద్రపోతా ఉండింది, లేపినారు. ఆ ఏడాదిన్నరా ఊళ్లో ఎవరూ ఇంకో అర్జీ పెట్టలా, గెలిచినామనుకున్నాం. వానలకు ముందే బీడంతా గుంటలైపొయ్యింది. రెండేళ్లకు మన దొడ్లో బావి నీళ్లు ఉప్పెక్కినాయి. మీ నాయనమ్మ రెండు బిందెలతో ఊరవతల బావికి నడిచేది. ఒక రోజు బిందె దించి అడిగింది, "నాయనా, రద్దు అంటే ఎన్నక్షరాలు?" రెండన్నా. "నిలుపుదల?" అయిదన్నా. ఇంకేమీ అనలా, ఇంట్లోకి పొయ్యింది.

అందుకే చిన్నీ, నీ అర్జీలో ఆ మాట వొంటిగా కనబడితే చించేస్తా. విచారణ తేలేదాకా నిలుపుదల కావాలని అడగొచ్చు, తప్పులేదు. అది రెండో కోరిక. మొదటిది రద్దు. ఢిల్లీ పొలిమేరలో రైతుల్ని చూడలా? 2021 జనవరి 12న సుప్రీంకోర్టు ఆ మూడు సాగు చట్టాల అమలు ఆపేసినా ఇళ్లకు పోలా. నవంబర్లో పార్లమెంటు రద్దు బిల్లు ఆమోదించినాక, డిసెంబర్లో కదిలినారు. నాకు ముప్పై ఏళ్ల ముందే ఆ తెలివుంటే!

"పునఃపరిశీలించగలరు" అనీ రాయబాక. పరిశీలిస్తారు. "పరిశీలించడమైనది, మార్పు అవసరం లేదు" అని జవాబొస్తాది. నువ్వడిగింది చేసినట్టే గదా. "కొట్టివేయాలి" అనేది కోర్టులో అడిగే మాట. ఉత్తర్వు ఇచ్చినోళ్లే వెనక్కి తీసుకుంటే ఉపసంహరణ. ఇచ్చిన చేతికి తీసే అధికారమూ ఉంటాదని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 21వ సెక్షను చెప్తాది, రాష్ట్రానికీ అట్టాంటి చట్టముంది. కాబట్టి మా చేతుల్లో లేదంటే, ఎవరి సంతకమో చూపించు.

"సవరణ" అంటే సంతోషపడబాక. మన జిల్లా కథే చూడు. దూబగుంట ఆడోళ్లు 1992లో సారా మీద లేస్తే, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపొయ్యింది. 1995లో మద్యమే నిషేధం. 1997లో ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చెయ్యలా, సవరించినారు అంతే, షాపులు తెరిచినారు. ఆ 1995 చట్టం పేరు మీద నాటుసారా కేసులు ఇప్పటికీ రాస్తారు. పేరుంది, ప్రాణం పొయ్యింది. సవరణ అనే మాటకు అంత ఒడుపుంది.

ఇంకొకటి. రద్దు ఒక్కటీ రాసి ఊరుకోబాక. తరగతులు ఎత్తేసిన ఉత్తర్వు రద్దయినంత మాత్రాన పాత ఏర్పాటు దానంతటదే లేచి కూర్చోదు. చట్టాల విషయంలో ఆ క్లాజెస్ చట్టమే చెప్తాది, రద్దును రద్దు చేస్తే మొదటిది బతకాలంటే ఆ మాట విడిగా రాయాలని. కాబట్టి "రద్దు చేసి, మూడు నుంచి అయిదు తరగతులను మా ఊరి బడిలోనే పునరుద్ధరించి, టీచర్లను తిరిగి నియమించాలి" అని మూడూ వరుసగా పెట్టు. టీచర్ల మాట మరిస్తే తలుపులు తెరుస్తారు, లోపల ఎవరూ ఉండరు.

గట్టిగా రాస్తే కోపమొస్తాదని మీ అమ్మ భయం. రానీ. నీకు ట్రాన్స్‌ఫర్ లేదు, ఇంక్రిమెంటు లేదు. నా భయం హైవే మీద లారీలు. నాలుగో తరగతి పిల్లకాయలు బ్యాగులేసుకోని ఆ డివైడర్ మీద నిలబడినట్టు కళ్లు మూసుకుంటే కనబడతాది. పొద్దున్నే పొయ్యి ఆడ నిలబడు, ఎంతమంది దాటుతుండారో లెక్కపెట్టి అర్జీలో రాయి. నువ్వు మాత్రం అంచునే ఉండు, మధ్యలోకి పోబాక.

రాసింది శనివారం లోపల నాకు చూపించు, వాట్సాప్‌లో కాదు, కాగితం మీద. నా కళ్లకు ఫోను ఆనదు. మీ పెద్దమ్మ చేపల పులుసు పెడతానంటుంది. ఎర్ర ఇంకు పెన్ను నా దగ్గరే ఉంది.

మీ పెదనాయన