‘టచీ’ అంటే సున్నిత మనస్కులేనా?

ప్రశ్న: మా కార్యాలయంలో ఒక సహోద్యోగి గురించి పై అధికారి ‘హీ ఈజ్ వెరీ టచీ’ అన్నారు. సెన్సిటివ్ అన్నా, టచీ అన్నా ఒకటేనా? ఇది మెచ్చుకోలా, తెగడ్తా?
– ఒక పాఠకురాలు

జవాబు: తెగడ్తే. మరీ కటువైన మాట కాదు గాని, మెచ్చుకోలుగా మాత్రం ఎవరూ వాడరు. ఎదుటివారు మామూలుగా అన్న మాటలో కూడా తనపై ఏదో ఆక్షేపణ ఉందనుకొని, వెంటనే నొచ్చుకొనేవారినో చిర్రుబుర్రులాడేవారినో టచీ అంటారు. సెన్సిటివ్ అన్నప్పుడు ఇతరుల బాధను ఇట్టే గ్రహించగల మనిషి అనే మంచి అర్థం కూడా రావచ్చు. టచీ మనిషి పట్టింపంతా తన గురించే కనుక ఈ మాటకు ఆ అర్థం రాదు.

తెలుగులో దీనిని ‘ముక్కోపి’ అని సరిపెట్టడం నాకు సమ్మతం కాదు. ముక్కోపికి కోపమొక్కటే లక్షణం. టచీ మనిషి పల్లెత్తు మాట అనకుండా రోజుల తరబడి ముభావంగా ఉండిపోవచ్చు. ‘ఉడుకుమోతు’ చాలా దగ్గరి మాటే, కానీ దానిని ఎక్కువగా ఆటలో ఓడి ఉడుక్కొనే పిల్లల విషయంలో వాడతాము. గుమ్మడికాయల దొంగ సామెత ఇక్కడ అసలే పొసగదు. భుజాలు తడుముకొన్నవాడు తప్పు చేసినవాడు, టచీ మనిషి ఏ తప్పూ చేసి ఉండనక్కరలేదు. పెద్దల విషయంలో ‘ఊరికే నొచ్చుకొనే మనిషి’ అనడమే మేలని నా అభిప్రాయం.

ఈ మాట 17వ శతాబ్దం ఆరంభం నుంచి ఇంగ్లీషులో కనిపిస్తుంది. చిరచిరలాడే స్వభావాన్ని చెప్పే ‘టెచీ’ అనే పాత మాటే, తాకడమనే అర్థం గల ‘టచ్’ ప్రభావంతో ఇలా మారి ఉంటుందని భాషావేత్తలు భావిస్తారు.

ఏ విషయంలో నొచ్చుకొంటారో చెప్పాలంటే ‘అబౌట్’ చేర్చాలి: ‘షీ ఈజ్ టచీ అబౌట్ హర్ ఏజ్’, అంటే వయసు ప్రస్తావన తెస్తే ఆమె నొచ్చుకొంటారని. అయితే నిజంగా అవమానపడిన మనిషి బాధను తోసిపుచ్చడానికి కూడా కొందరు ఈ విశేషణాన్ని వాడుతుంటారు. అది నాకు ఎంతో అన్యాయంగా తోస్తుంది. కాబట్టి మీ అధికారి ఆ మాట ఏ సందర్భంలో అన్నారో చూడకుండా, మీ సహోద్యోగి స్వభావమే అంతని నిర్ణయించుకోకండి.

మనుషులకే కాక విషయాలకూ ఇది చెల్లుతుంది. ‘టచీ సబ్జెక్ట్’ అంటే ఎత్తితే ఎవరో ఒకరు నొచ్చుకొనే ప్రస్తావన. ‘టచింగ్’ మాత్రం వేరు. మనసును కదిలించే కథను ‘టచింగ్ స్టోరీ’ అనాలి గాని ‘టచీ స్టోరీ’ అనకూడదు.