భోగబంధకం అని రాసే ముందు

తమ్ముడూ,

కథ చదివాను. 1958లో రెండెకరాల మాగాణి భోగబంధకం పెట్టారని మొదటి పేజీలో రాశావు. పదో పేజీకొచ్చేసరికి వడ్డీ పేరుకుపోయిందని షావుకారు ఆ పొలాన్నే కోర్టు వేలం వేయించాడు. ఈ రెండూ ఒక కథలో ఇమడవు.

భోగమంటే ఇక్కడ అనుభవం. అప్పిచ్చినవాడికి పొలం స్వాధీనం చేస్తారు, పంట అతను తింటాడు, ఆ పంటే వడ్డీ. ఇక పేరుకోవడానికి వడ్డీ ఏది? దస్తావేజుల్లో దీన్నే స్వాధీన తనఖా అని కూడా రాస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 67వ సెక్షన్ ప్రకారం, ఇలా తనఖా పట్టినవాడికి పొలం అమ్మించమని దావా వేసే హక్కు లేదు. ఫలానా తేదీకి సొమ్ము కడతానని కూడా రాసిచ్చి ఉంటే లెక్క మారేది, నీ దస్తావేజులో ఆ మాట లేదు. వేలం కావాల్సిందేనంటే పొలం రైతు సాగులోనే ఉంచి మామూలు తనఖా రాయించు.

నన్నడిగితే వేలం కన్నా భోగబంధకంలోనే కథ ఉంది. సొంత చేలో కూలికి పోవాలి మరి. పైగా పంట వడ్డీకి మాత్రమే జమా, అసలుకు కూడానా అన్నది దస్తావేజులో ఒక్క ముక్క. అసలుకూ అని ఉంటే షావుకారు జమాఖర్చు చూపాలి. బాకీ తీరిన నాడు రైతు ఇంకో పైసా ఇవ్వకుండానే పొలం తిరిగి రావాలి. ఆ లెక్క దాచే షావుకారు నీ వేలం షావుకారు కన్నా గట్టి పాత్ర.

"గడువు దాటింది, పొలం నాదే" అని అతను అనొచ్చు, రైతు నమ్మొచ్చు. నువ్వు నమ్మకూడదు. పంట వడ్డీకి పోయే తనఖాలో విడిపించుకునే హక్కుకున్న 30 ఏళ్ల కాలపరిమితిని తనఖా రాసిన రోజు నుంచి లెక్కించరాదని 2014లో సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో రెండు. రాతలో తాకట్టు బంగారానికి ఉంచు, పొలానికి తనఖా, కుదువ బాగుంటాయి. అసలు 100 రూపాయలైనా, ఆ పైనైనా రిజిస్ట్రీ, ఇద్దరు సాక్షులు ఉండాలి కాబట్టి నీ 1,200కి తెల్లకాగితం మీద వేలిముద్ర చాలదు. అప్పు తీరాక కాగితం చింపేయించకు, చెల్లు రాయించి రిజిస్ట్రీ చేయించు.

పంట దేనికి జమో ముందు తేల్చుకుని, పదో పేజీ తిరగరాసి పంపు.