సెలవుపై వచ్చినవాడు కూడా సిపాయే

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అబ్బాయి ప్లస్ టూ పూర్తి చేసి అగ్నివీర్ నియామకానికి సిద్ధమవుతున్నాడు. వాడికంటే ఏడాది పెద్దదైన అమ్మాయి తానూ మిలిటరీ పోలీసులో చేరతానని పట్టుబట్టింది. అబ్బాయి విషయంలో నాకు బెంగ లేదు. వాడి మేనమామ కూడా సైన్యంలోనే ఉన్నాడు. అమ్మాయి సంగతే నిద్ర పట్టనివ్వడం లేదు. డ్యూటీలో ఉన్నంతసేపు పై అధికారులు చూసుకుంటారు, డ్యూటీ దిగిన తరువాత ఎవరు చూస్తారు? ఆమెకు సైన్యం మేలా, రాష్ట్ర పోలీసు ఉద్యోగం మేలా అన్నది పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, నియామకాల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు గుణుపురం నుంచి వస్తుంది, రాయగడ నుంచి వస్తుంది, బరంపురం నుంచి కూడా వస్తుంది. ఊరి పేరు మారుతుంది గాని, ఆడపిల్ల కంటికి కనబడనంత దూరం వెళితే ఏమవుతుందోనన్న భయం మాత్రం ఒక్కటే. ఆ భయానికి ముందు జవాబు చెప్పి, ఆ తరువాత మీరు బెంగ లేదని ఒక్క వాక్యంలో తేల్చేసిన అబ్బాయి గురించి మాట్లాడతాను. నిజానికి మీ ఉత్తరం చదివాక నాకు బెంగ పట్టుకున్నది అతని గురించే.

డ్యూటీ దిగడం అన్న మాటకు సైన్యంలో మనం అనుకునే అర్థం లేదు. పని గంటలు ముగియవచ్చు, సెలవు దొరకవచ్చు, సివిల్ దుస్తుల్లో బజారుకు వెళ్లవచ్చు. అయినా పేరు నమోదైన నాటి నుంచి విడుదలయ్యే నాటి వరకు సిపాయి ఎక్కడ ఉన్నా 1950 నాటి సైనిక చట్టం అతని వెంటే ఉంటుంది. మద్యం మత్తులో దొరకడాన్ని ఆ చట్టం 48వ సెక్షన్ డ్యూటీలో ఉన్నా లేకపోయినా నేరమనే అంటుంది. డ్యూటీలో లేని సిపాయికి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. చిన్న తప్పులకు కోర్ట్ మార్షల్ అనే సైనిక న్యాయస్థానం దాకా పోనక్కర లేదు, కమాండింగ్ ఆఫీసరే 28 రోజుల వరకు నిర్బంధించగలడు. బయటికి వెళ్లాలంటే అవుట్ పాస్ కావాలి, రోల్ కాల్ వేళకు వరుసలో నిలబడి ఉండాలి. మన ఇళ్లలో పెద్ద కొడుకు రాత్రి పదకొండుకు వస్తే ఎక్కడికి వెళ్లావని అడిగేవారు ఎంతమంది ఉన్నారో మీరే ఆలోచించండి.

ఇక అమ్మాయిని ఎవరు కనిపెడతారని అడిగారు. ఆమె కోరుకుంటున్న ఉద్యోగమే ఇతరులను కనిపెట్టే ఉద్యోగం. కంటోన్మెంటులోనూ రైల్వే స్టేషన్‌లోనూ ఎర్ర టోపీతో నిలబడి, సెలవు కాగితం చూపించమని సిపాయిలను ఆపేది మిలిటరీ పోలీసే. ఆ విభాగంలో మహిళలను సిపాయి స్థాయిలో తీసుకోవడానికి 2019లో నియామకాలు మొదలయ్యాయి. మొదటి జట్టులోని 83 మంది బెంగళూరులో శిక్షణ ముగించుకొని 2021 మే నెలలో బయటికి వచ్చారు. సైన్యంలో తప్పులే జరగవని నేను చెప్పను. కాని అక్కడ తప్పు చేసినవాడి మీద చర్య తీసుకోవడానికి మామూలు చట్టం కాక సైన్యపు చట్టం కూడా ఉంది. వివాహేతర సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పినప్పటికీ, సైనికులపై వారి చట్టాల కింద చర్య తీసుకోవడానికి ఆ తీర్పు అడ్డు కాదని 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఆ నియమాలన్నీ ఎల్లప్పుడూ న్యాయంగానే నడిచాయా అంటే, లేదు. పెళ్లి చేసుకున్నదన్న కారణంతో ఒక సైనిక నర్సింగ్ అధికారిణిని 1988లో ఇంటికి పంపారు. అది ఆడవారిపై వివక్షేనని తేల్చి 60 లక్షల రూపాయలు చెల్లించమని సుప్రీంకోర్టు ఆదేశించేసరికి 2024 వచ్చింది. ఆ దారి మీ అమ్మాయికి పూలబాట కాదు, అలాగని మీరు ఊహించుకుంటున్న అడవి కూడా కాదు.

ఇప్పుడు అబ్బాయి సంగతి. మీ ఉత్తరం అడుగున, అతను మిలిటరీ రంగు చొక్కా తొడుక్కొని పరుగు తీసే వీడియోలు పెడుతున్నాడని, వాటిని వేల మంది చూస్తున్నారని గర్వంగా రాశారు. సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు వెళితే కనిపించే డిఫెన్స్ అకాడమీలు చాలావరకు ఈ సరదానే పెంచుతున్నాయి: 1600 మీటర్ల పరుగుకు కాళ్లను సిద్ధం చేస్తారు గాని, చేరిన మర్నాటి నుంచి ఫోన్‌ను ఎలా వాడాలో ఒక్క తరగతి కూడా చెప్పగా నేను వినలేదు. మనకు అతి దగ్గరైన విశాఖపట్నంలో 2019 డిసెంబరులో ఏమైందో గుర్తు చేసుకోండి. సామాజిక మాధ్యమాల్లో ఆడవారి పేర్లతో పరిచయమైనవారికి నౌకాదళ రహస్యాలు చేరవేశారన్న అభియోగంపై ఏడుగురు నావికులను ఆంధ్రప్రదేశ్ పోలీసులు అరెస్టు చేశారు. ఆ వెంటనే నౌకాదళం స్థావరాల్లోనూ ఓడల్లోనూ స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. 2020 జూలైలో సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను తీసివేయమని తన వారందరినీ ఆదేశించింది. దానిని సవాలు చేసిన లెఫ్టినెంట్ కర్నల్‌కు కూడా ఢిల్లీ హైకోర్టులో ఊరట దొరకలేదు. అంత పెద్ద హోదావాడు వదులుకోవలసి వచ్చినదాన్ని, పొగడ్తకు అలవాటు పడిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఒక్క రోజులో వదులుకోగలడా?

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. కొడుకు ఇరవై రోజుల సెలవుపై వచ్చాడు. అక్క పెళ్లి ముహూర్తం సెలవు ముగిసిన నాలుగో రోజున పడింది. “ఆరు రోజులకే కొంప మునుగుతుందా” అని తల్లి అడ్డుపడింది, తండ్రి తెలిసిన డాక్టరు దగ్గర జ్వరమని ఒక చీటీ రాయించాడు. యూనిట్‌కు ఫోన్ చేసి సెలవు పొడిగించమని అడగాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదు. ఆ చీటీ అక్కడ చెల్లలేదు. శిక్షతోపాటు సర్వీసు కాగితాల్లో రెడ్ ఎంట్రీ, అంటే తప్పు చేశాడన్న ఎర్ర గుర్తు కూడా పడింది. ఆ తండ్రి నా ముందు కూర్చొని సైన్యానికి దయ లేదని అరగంట సేపు తిట్టాడు. సరైన కారణం లేకుండా సెలవు మీరితే మూడేళ్ల వరకు శిక్ష వేయవచ్చని చట్టంలో ఉంది. గైర్హాజరు ముప్పై రోజులు దాటితే విచారణ జరుగుతుంది, పట్టుకోవడానికి ఊరి ఠాణా నుంచే మనిషి వస్తాడు. పిల్లవాడి క్రమశిక్షణను బారక్‌లో ఎవరూ చెడగొట్టలేదు, ఆ పని ఇంట్లోనే జరిగింది.

కోపం తెచ్చుకోకండి, ఇంకొక మాట కూడా అనవలసి ఉంది. మీ బావమరిది సెలవుకు వచ్చినప్పుడల్లా క్యాంటీన్ సీసాలు తెస్తాడని, వాటిలో ఒకటి రెండు మీ దుకాణానికి వచ్చేవారికి “సర్దుతామని” కూడా సరదాగా రాశారు. క్యాంటీన్ కార్డు మీద వచ్చే మద్యం సైనికుడి సొంత వాడకం కోసం ఇచ్చేది. దాన్ని బయటివారికి అమ్మడం తప్పు. ఆ తప్పును సరదాగా చూస్తూ పెరిగిన కుర్రవాడికి, తన కార్డు చేతికి వచ్చిన రోజున అది తప్పని ఎలా తోస్తుంది?

అగ్నివీరులను నాలుగేళ్ల సర్వీసుకు తీసుకునే అగ్నిపథ్ పథకం మీద నాకున్న సందేహం కూడా ఇక్కడే ఉంది. పదిహేను, ఇరవై ఏళ్ల సర్వీసులో కుర్రతనపు తప్పు ఒకటి పాతబడిపోయే వీలుండేది. నాలుగేళ్లలో అంత వ్యవధి లేదు. ఆ తరువాత కొనసాగించేది 25 శాతం మందిని మాత్రమే, అదీ ఆ నాలుగేళ్ల నడవడిని, పనితీరును చూసి. మొదటి ఏడాది చేతికొచ్చే 21,000 రూపాయల జీతం, చివర సేవా నిధి పేరుతో ఒకేసారి దక్కే దాదాపు 11.71 లక్షల రూపాయలు అందరికీ కంఠతా వచ్చు. ఆ మధ్య కాలంలో ఆదివారాలు ఎలా గడపాలన్నది మాత్రం ఎవరూ లెక్క వేయరు.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఒడిశా పోలీసు ఉద్యోగంలో సొంత రాష్ట్రం, దీర్ఘకాలపు భద్రత ఉన్నాయి. అయితే ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చి ఉండాలి, తెలుగు మాధ్యమం పిల్లలు తడబడేది అక్కడే. మీ అమ్మాయికి ఆ భాష వచ్చునో రాదో మీరు రాయలేదు. వస్తే రెండింటికీ దరఖాస్తు చేయించండి, రాకపోతే మిలిటరీ పోలీసుకు చేయించండి. ఆమె రాసిన కాగితాన్ని మీ ఉత్తరంతోపాటు పంపారు గదా. అందులో సెలవులు ఎన్ని, అవుట్ పాస్ ఎప్పుడిస్తారు, ఫోన్ ఉంచుకోవచ్చా అని వరుసగా ఆమే అడిగింది. ఆ మూడు ప్రశ్నలు అబ్బాయికి ఇంతవరకు తట్టలేదు.

అతని దరఖాస్తును కూడా ఆపమని నేను అనడం లేదు. ఈ వారమే ఆ వీడియోలు తీసివేయించండి. మీ బావమరిది ఈసారి వచ్చినప్పుడు అతని సెలవు కాగితం మీద తిరిగి చేరవలసిన తేదీ ఎక్కడ ఉంటుందో అబ్బాయికి చూపించమనండి, దుకాణానికి మాత్రం ఏ సీసా రానివ్వకండి.