పిక్నిక్ దుప్పటికి పాత చీరల బొంతే సరి

“పిక్నిక్‌కి పరుచుకునే అందమైన దుప్పటి ఇంట్లోనే కుట్టాలని ఉంది, ఏ బట్ట కొనాలి?” అని అడిగారు. ఏదీ కొనొద్దండీ. బీరువా అడుగున పాత నేత చీరలు రెండుంటే చాలు. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకుకే కుంచించుకుని కుట్ల దగ్గరంతా ముడతలు తేలుతుంది. పదేళ్ళు ఉతికిన చీరకు ఆ బాధ లేదు. జరీ చీరలు మాత్రం వద్దు, కాళ్ళకు గీసుకుంటుంది.

చీర 18 అడుగులు. మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి ఆరడుగులు. రెండు చీరలకు ఆరు ముక్కలొస్తాయి. రెండేసి పక్కపక్కన జోడిస్తే ఆరడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పుతో మూడు పొరలు తయారు. ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు.

కానీ అసలు చెప్పాల్సింది అడుగున వేసే పొర గురించి. మూడేళ్ళ కిందట కార్తీక మాసంలో వనభోజనాలకని భాకరాపేట మీదుగా తలకోన వెళ్ళాం. (పిక్నిక్ అనే మాట మనకు కొత్త గానీ పని కొత్తది కాదు. తిరుమల కొండ మీద స్వామికే పారువేట మండపం దగ్గర కార్తీక వనభోజనం జరుగుతుంది.) నెల రోజులు మధ్యాహ్నం నిద్ర మానుకుని కుట్టిన బొంత తీసుకెళ్ళాను. తడి ఎక్కకూడదని మా మరిది పెళ్ళి ఫ్లెక్సీని అడుగున పెట్టి, నాలుగు పొరలూ కలిపి దబ్బనంతో కుట్టేశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి.

తలకోన జలపాతం 270 అడుగులు. ఆ వానల నెలల్లో చుట్టుపక్కల నేలంతా చెమ్మే. ఉసిరి చెట్టు వెతుక్కుని దాని కింద పరిచాం. పులిహోర వడ్డించడం ఇంకా పూర్తి కాలేదు, మా అవ్వ లేచి చీర వెనక తడుముకుంది. “ఏమ్మే, ఇదేంది తడి?” అనింది. వంగి చూశాను. బొంతంతా తడవలేదు. కుట్టు ఎక్కడెక్కడ దిగిందో అక్కడ మాత్రం, వరసలు వరసలుగా, ఆవగింజంత తడి చుక్కలు. వేలితో నొక్కితే దీపం వత్తికి నూనె ఎక్కినట్టు నూలు దారం పట్టుకుని నీళ్ళు పైకి వస్తున్నాయి. కాసేపటికి ఆ చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అందరం లేచి నిలబడే తిన్నాం. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“దబ్బనంతో పొడిచినాక అది జల్లెడే గదమ్మే. నాడాలు పెట్టి కట్టుకోవాల్సింది” అనింది అవ్వ. ఇంటికొచ్చి మొత్తం విప్పాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఇదే చెబుతున్నా: తడి ఆపే పొర మీద, అంచుల్లో తప్ప, సూది పడకూడదు. బొంత వేరు, అడుగు పట్టా వేరు. పట్టా అంచు మడిచి, ఆ అంచులోనే చుట్టూ ఎనిమిది నాడాలు కుట్టండి. బొంత అంచుకూ సరిగ్గా అక్కడే ఎనిమిది. ఉతికేటప్పుడు విప్పేసి బొంత ఒక్కటే నానబెట్టుకోవచ్చు.

బొంతను నేల మీద బిగుతుగా పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసుకోండి. కుట్టడం నడిమి నుంచి అంచులకు రావాలి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో బట్ట పొంగి కూర్చుంటుంది, తర్వాత ఏం చేసినా పోదు.

అలంకారానికి నాలుగు మూలలా శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు వేశాను. చిలకలు, నెమళ్ళు, తీగలు ఉన్నవే తీసుకోండి. రాముడూ కృష్ణుడూ ఉన్న బట్ట గోడకు వేలాడదీసుకోవాలి గానీ కాళ్ళ కింద వేస్తారా? ఆన్‌లైన్‌లో అట్లాంటి దుప్పట్లు అమ్ముతుంటే చూసి కడుపు మండిపోయింది. ఇంకో అన్యాయం, మిషన్ ప్రింటును చేతి కలంకారీ అని అంటగట్టడం. ఒక షాపులో నేనూ మోసపోయాను. కలంతో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోతుంది. ప్రింటు గీత ఒకే తీరుగా ఉంటుంది. అసలుదానికి బట్టను కరక్కాయ, పాలల్లో నానబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన కసిమితో నల్ల గీత గీస్తారు. అంత కష్టపడి చేసిన రంగును సోడా సబ్బుతో బాదకండి. కుంకుడు రసంలో జాడించి నీడన ఆరేయండి. పులిహోర పసుపు మరక పడితే ఆ ఒక్క చోటు మాత్రం ఎండ తగిలేలా వేయండి, ఎండకు వెలిసిపోతుంది. చిలకల మీద ఏదైనా తువ్వాలు కప్పండి.

ఫ్లెక్సీ మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా. తలకోనలో చాలామంది ఫ్లెక్సీలే పరుచుకుని, తిన్న ఇస్తరాకులతో సహా అక్కడే వదిలేసి పోతారు. అడవి అది! చేత్తో కుట్టుకున్నదైతే ఎవరూ వదిలిపోరు, అందుకైనా కుట్టుకోండి.

నాడాలు కట్టేటప్పుడు జారుముడే వేయండి. తడిసిన బిగుముడి గోళ్ళతో లాగినా ఊడదు.